మందలో శ్రేష్ఠమైనది

మొక్కుకున్నది జ్ఞానప్రకాశం. తీర్చాల్సింది మాత్రం రెబెక్కమ్మ. పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంట్లో పనుల పంపకం ఇలాగే సాగుతోంది కాబట్టి ఆమె ఆశ్చర్యపోలేదు. విసుక్కుంది, అంతే.

పోయిన వానల్లో వాయుగుండం మీద వాయుగుండం పట్టి, గొర్రెల దొడ్డి అంతా బురదగుంట అయి, మందకు నీలినాలుక రోగం తగిలింది. మూతులు వాచాయి. గిట్టలు పుండ్లు పడి నిలబడలేకపోయాయి. రెబెక్కమ్మ దొరవారిసత్రం పశువుల ఆసుపత్రి చుట్టూ తిరిగి, డాక్టరును బతిమాలి తీసుకొచ్చింది. ఒక్కొక్క గొర్రెనూ మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకుని సూదులు వేయించింది. మేత ముట్టనివాటి నోట్లో రాగిజావ పోసింది. గిట్టలకు వేపనూనె రాసింది. చచ్చినవాటిని ఈడ్చుకుపోయి పూడ్చిపెట్టింది. ఆ వారం ఆదివారం జ్ఞానప్రకాశం చర్చిలో సాక్ష్యం చెబుతానని లేచి, కళ్లు మూసుకుని, మిగిలిన మంద బతికి బట్టకడితే కోత పండక్కి అందులో శ్రేష్ఠమైనదాన్ని దేవుడికి కానుకగా ఇస్తానని సంఘం ఎదుట మాట ఇచ్చేశాడు.

ఆడవాళ్ల వైపు చాప మీద కునికిపాట్లు పడుతున్న రెబెక్కమ్మ, అందరితో పాటు తనూ 'ఆమెన్' అంది. నిద్రమత్తులో అన్నా అన్నదే.

"సూదులు నావి, మొక్కు నీది," అంది ఇంటికొచ్చాక.

"మంచిదేగా మే. మందు మందే, ప్రార్థన ప్రార్థనే," అన్నాడు జ్ఞానప్రకాశం. ఆయన నాయుడుపేటకూ ఊరికీ మధ్య షేర్ ఆటో తిప్పుతాడు. మంచివాడు. ఎక్కినవాళ్లందరి కష్టాలూ వింటాడు, పాట పాడతాడు, చిల్లర లేదంటే రేపు ఇవ్వమంటాడు. గొర్రె గురించి ఆయనకు తెలిసిందల్లా అది 'మే' అంటుందని. గొర్రెలు ఆయన తండ్రి యెహోషువవి. తండ్రి తర్వాత కొడుక్కి రావాల్సిన మంద, కొడుకును తప్పించుకుని కోడలికి వచ్చింది.

ఆ కోడలికి కూడా మొదట గొర్రెల సంగతి తెలియదు. బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టింది. నాన్న లోకోషెడ్డులో ఖలాసీ. కూత విని గూడ్సో ప్యాసింజరో చెప్పగలిగిన పిల్ల, పెళ్లయి పులికాట్ పక్క ఈ ఊరికి వచ్చి, దొడ్డి వాసనకు మొదటి నెలంతా చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిరిగింది. యెహోషువ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. కొత్త కోడలు వస్తే మందలోంచి తనకు నచ్చిన గొర్రెను ఒకదాన్ని ఎంచుకోవాలి. అది, దాని సంతానం ఆ కోడలివే. రెబెక్కమ్మ మంద మధ్యకు పోయి, అన్నిటికంటే గుండ్రంగా, నున్నగా, వీపు మీద చెంబు పెట్టినా ఒలకనంత బల్లపరుపుగా ఉన్నదాన్ని పట్టుకుంది. అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆడబిడ్డలు పడీపడీ నవ్వారు. మామ నవ్వలేదు, చెప్పనూ లేదు.

ఆ గొర్రె ఎప్పటికీ ఈనలేదు. తినేది, మెరిసేది. చివరికి కసాయి దగ్గరికి పోయింది. ఆ రోజు మామ ఆమెను దొడ్డిలోకి పిలిచాడు.

"కడుపు పండని గొర్రెకు తిన్నదంతా ఒంటికే పడుద్దమ్మా. పిల్లకు పాలిచ్చినదానికి ఏం మిగులుద్ది? గొర్రెను కంటితో చూడబాక. చేత్తో చూడు," అని ఇంకొక గొర్రెను ఎంచుకోమన్నాడు.

అప్పటి నుంచి ఆమె చేత్తోనే చూస్తోంది. ఏటా పొట్టేలును మందలోకి వదలకముందు, ఒక రోజంతా ప్రతి గొర్రెనూ పట్టుకుంటుంది. నోరు తెరిచి కింది పళ్లు చూస్తుంది. అరిగినాయా, సందులు పడినాయా, ఊడినాయా. పొదుగును రెండు వేళ్లతో నలిపి గడ్డలున్నాయేమో చూస్తుంది. గిట్టలు ఎత్తి చూస్తుంది. వీపెముక మీద అరచెయ్యి వేసి తడుముతుంది. చేతికి దొరకనిది గుర్తు తెచ్చుకుంటుంది. ఇది పోయినసారి పిల్లను నాకిందా, తన్నిందా? ఈతకీ ఈతకీ మధ్య ఎంత ఎడం తీసుకుంది? దీని పిల్ల అమ్మే నాటికి తూగిందా, తేలిపోయిందా? ఏడాదంతా మేసి ఒక్క పిల్లను కూడా అమ్మకానికి నిలబెట్టలేని గొర్రెను ఆమె ఉంచుకోదు. మంచిది, ముద్దుగా ఉంటుంది, పిలిస్తే వస్తుంది అని ఎవరు ఎన్ని చెప్పినా వినదు. ఆ రోజు జ్ఞానప్రకాశం ఆటో వేసుకుని గూడూరు దాకా పోతాడు, బేరాలు ఉన్నా లేకపోయినా.

ఇప్పుడు మందలో శ్రేష్ఠమైనది ఏదంటే రెబెక్కమ్మ ఆలోచించక్కర్లేదు. కాటుకమ్మ. తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ మూతి చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లమచ్చలు. ఈ పక్కల జోడిపి అంటారు ఆ జాతిని. పొడుగు కాళ్లు, పొడుగు మెడ. వానల్లో అన్నీ మూలుగుతుంటే కడుపుతో ఉండి కూడా నిలబడి మేసిందది. క్రిస్మస్ ముందు జంట పిల్లల్ని వేసి, రెండింటికీ పాలకు తక్కువ చేయకుండా పెంచింది. జంటలు వేయడం ఈ జాతిలో అరుదు. వేసినా రెండూ నిలవడం ఇంకా అరుదు. కాటుకమ్మకు అది రెండోసారి. తన ఒంట్లో ఉన్నదంతా పిల్లలకు పోసి, ఇప్పుడు పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా ఉంది. ఉన్న చిక్కల్లా ఒకటే. వేసినవి దాదాపు అన్నీ పొట్టేలు పిల్లలు. ఒకే ఒక్క ఆడపిల్ల పుడితే అది రోగంలో పోయింది. కాటుకమ్మ పోతే ఆ వంశం అక్కడితో సరి. రోగం సగం చేసిన మందను మళ్లీ నిలబెట్టాలంటే దాని కడుపున రెండు ఆడపిల్లలైనా పుట్టాలని రెబెక్కమ్మ కాచుకుని ఉంది.

చూడ్డానికి శ్రేష్ఠమైనది వేరే ఉంది. దాని పేరు దొరసాని. నున్నటి బొచ్చు, బరువైన నడక. మంద ఒక దారిన పోతుంటే అది ఇంకో దారిన తలెత్తుకుని పోతుంది. రెండేళ్లుగా పొట్టేలు దాని వెనక తిరగడమే గానీ చూలు కట్టింది లేదు. కసాయికి ఎప్పుడో పోవాల్సింది. రోగం వచ్చి బేరగాళ్లు ఊరి మొహం చూడకపోవడంతో మిగిలిపోయింది.

కోత పండగ వారం ఉందనగా పాస్టరు రూఫస్ గారు, సంఘ పెద్ద సుశీల్ కుమార్ గారు కానుకల సంగతి కనుక్కుంటూ ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చారు. సుశీల్ కుమార్ గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయిన మనిషి. ఈల ఇప్పటికీ మెడలోనే ఉంటుంది. పండగ నాడు కానుకలన్నిటినీ చర్చి కోసం వేలం వేస్తారు. ఆ వేలం ఆయనే నడుపుతాడు, ఈల వేస్తేనే పాట ముగిసినట్టు.

"ఏదమ్మా మన గొర్రె?" అన్నాడాయన, దొడ్డి తడికె మీదుగా తొంగి చూస్తూ. వెంటనే, "ఓహో! అదేనా? చూడగానే తెలుస్తోంది," అన్నాడు.

దొరసాని ఎండలో నిలబడి, తన గురించే అని తెలిసినట్టు ఇటు తిరిగింది.

"దేవుడు నిండుగా ఆశీర్వదించాడు," అన్నారు రూఫస్ గారు. "మంచిదాన్ని పెంచారమ్మా."

"అవునయ్యగారూ. బో బాగుండాది," అన్నాడు జ్ఞానప్రకాశం, పొంగిపోతూ.

రెబెక్కమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. ఇంతకంటే మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది? అయ్యగారికి ఇష్టం, పెద్దాయనకు ఇష్టం, మొక్కుకున్నవాడికి ఇష్టం. దొరసాని ఎటూ పోవాల్సిందే. మాట్లాడకుండా ఊరుకుంటే చాలు, కాటుకమ్మ దొడ్డిలోనే ఉంటుంది. టీ పెట్టి ఇచ్చింది. వాళ్లు పోయారు. ఊరుకోవడం మొదలుపెట్టింది.

ఊరుకోవడం ఆమెకు ఏనాడూ చేతకాలేదు.

మర్నాడు పొద్దున మందను కోసిన వరి మళ్లలోకి తోలుకుపోతుంటే అదే ఆలోచన. మేపుతున్నంత సేపూ అదే. కసాయికి ఇవ్వాల్సినదాన్ని దేవుడికి ఇస్తారా? ఇస్తే ఏం, ఆయనేమన్నా దాన్ని ఈనిస్తాడా? అసలు నేనెవరు చెప్పడానికి? నేను ఆమెన్ అన్నాను గదా. నిద్రలో అన్నాను. నిద్రలో అన్నానని దేవుడికి చెబుతావా? ఇలా తనతో తనే పోట్లాడుకుని, అలిసిపోయి, ఆ పోట్లాటను ఇంటికి తీసుకొచ్చి మొగుడికి అప్పజెప్పింది.

"ఏమయ్యా, నువ్వు చర్చిలో ఏమని మొక్కుకున్నావు? శ్రేష్ఠమైనది అన్నావా, లావుది అన్నావా?"

"శ్రేష్ఠమైనది అన్నా."

"దొరసాని గొడ్డుది. ఇంతవరకూ ఒక పిల్లను వెయ్యలా."

"అయితే ఏమి? చూసేదానికి బాగుండాది గదా."

"చూసేదానికా? గొర్రెను ఏమన్నా షోకేసులో పెడతారా?"

"మే, అయ్యగారే మెచ్చుకున్నారు. పెద్దాయన మెచ్చుకున్నారు. నాకు నచ్చింది. నీ ఒక్కదానికే ఎందుకు గుచ్చుకుంటుండాది?"

"నాకు తెలుసు గనక!"

"తెలియనట్టు ఉండు," అన్నాడు జ్ఞానప్రకాశం నిజంగానే సాయం చేస్తున్నవాడిలా. "ఆరు రోజులే గదా."

ఈ మనిషికి ఏం చెప్పాలి? తిట్టడానికి కూడా ఆయనలో ఎక్కడా పట్టు దొరకదు. నున్నటి చెంబులాంటి మనిషి. రెబెక్కమ్మ కంచం ఆయన ముందు కొంచెం గట్టిగా పెట్టింది. ఆయన కంచం వంక చూసి, చేపల పులుసా అని సంతోషించాడు.

పండగ నాటి ఉదయం జ్ఞానప్రకాశం ఆటోకు బెలూన్లు కట్టుకుని, వండేవాళ్లనూ బియ్యం మూటలనూ ఎక్కించుకుని ముందే చర్చికి పోయాడు. గొర్రెను నడిపించుకు రమ్మని రెబెక్కమ్మకు చెప్పాడు. ఆమె తలకు పోసుకుని, తెల్లచీర కట్టుకుని, బంతిపూల దండ ఒకటి పట్టుకుని దొడ్డిలోకి పోయింది. దొరసాని మెడలో వేద్దామనే పోయింది. దండ చూసి దొరసాని మెడ చాపింది కూడా. పూలు తినడానికి.

"నీకు అన్నీ తినేదానికే," అని దాన్ని పక్కకు నెట్టి, తనను తాను కాస్త తిట్టుకుని, దండ తీసుకుపోయి కాటుకమ్మ మెడలో వేసింది. పాలు మానేసిన పిల్లలు రెండూ తడికె దగ్గరికొచ్చి అరిచాయి. వెనక్కి తిరిగి చూడకుండా తాడు పట్టుకుని బయల్దేరింది.

కాలవ గట్టు మీద చిన్నపోలయ్య ఎదురయ్యాడు. పక్క ఊరి గొర్రెలాయన. చిన్నప్పటి నుంచీ మందలోనే పెరిగినవాడు. తువ్వాలు దులుపుకుంటూ వచ్చి, పలకరింపు కూడా లేకుండా కాటుకమ్మ మూతి పట్టి పళ్లు చూశాడు. వంగి పొదుగు తడిమాడు.

"జంటలు వేసింది ఇదేనా అక్కా?"

"ఇదే."

"అమ్మేదానివా?"

"కోత పండక్కి ఇస్తుండా. మొక్కుబడి."

చిన్నపోలయ్య ఆమె మొహంలోకి చూశాడు. "నీకేమన్నా మతి పోయిందా అక్కా? మా పోలేరమ్మకు కూడా మేము పొట్టేలునే ఇస్తాం గానీ ఈనే గొర్రెను ఇయ్యం."

"నువ్వేం నాకు చెప్పబాక తమ్ముడా. ఇప్పటికే ఇంట్లో ఒకరు చెప్పి చంపుతుండారు."

"వేలం వేస్తారు గదా? మావాళ్లు ఎవరైనా పాడొచ్చా?"

ఆమె తాడు దగ్గరికి లాక్కుంది. "ఎవరైనా పాడొచ్చు," అంది. అబద్ధం చెబితే బాగుండేది.

"అయితే నేనూ వస్తా పద," అని చిన్నపోలయ్య తువ్వాలు తలకు చుట్టుకున్నాడు.

చర్చి ముందు షామియానా వేశారు. ఒక వైపు మగవాళ్లు, ఒక వైపు ఆడవాళ్లు, మధ్యలో బల్ల మీద కానుకలు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోడిపుంజులు, గూడూరు నుంచి ఎవరి చుట్టమో పంపిన నిమ్మకాయల బస్తా, ఎవరో టీచరమ్మ చేసిన కేకు. రెబెక్కమ్మ కాటుకమ్మను తీసుకొచ్చి ముందున్న గుంజకు కట్టగానే మాటలన్నీ ఒక్కసారి తగ్గాయి.

"ఇదా?" అంది ఒకామె.

"రోగం వచ్చిందంట గదా వాళ్ల మందకు. అందులోదేమో," అంది ఇంకొకామె, వినపడకూడదన్నట్టుగా, వినపడేలాగానే.

"ఆ రోజు చూసింది వేరే గదమ్మా," అన్నాడు సుశీల్ కుమార్ గారు దగ్గరికొచ్చి. "అది ఏమైంది? అమ్మేశారా?"

"లేదండీ, దొడ్డిలోనే ఉంది. ఇదే శ్రేష్ఠమైనది."

ఆయన కాటుకమ్మ పక్కటెముకల వంక ఒకసారి, రెబెక్కమ్మ వంక ఒకసారి చూసి, తల పంకించి పోయాడు. రూఫస్ గారు వచ్చారు. "పరవాలేదమ్మా, ఇచ్చే మనసు ముఖ్యం," అన్నారు చాలా దయగా. ఆ దయకు రెబెక్కమ్మ ఒళ్లంతా మండింది. బీదకానుక తెచ్చినవాళ్లతో ఆయన అనే మాట అది. ఈ మందలోనే కాదు, ఈ మండలంలోనే ఇలాంటిది లేదు అయ్యగారూ అని అరవాలనిపించింది. అరిస్తే ఏమంటారు? పొదుగు తడిమి చూడమని అయ్యగారికి చెబుతుందా?

ఇక జ్ఞానప్రకాశం. బియ్యం దించి వచ్చి, గుంజ దగ్గర కాటుకమ్మను చూసి, బెలూను పగిలినవాడిలా నిలబడిపోయాడు.

"ఏందిది రెబెక్కా? నా పరువు తీసేదానికే తెచ్చినావా?"

"నువ్వు మొక్కుకున్నదాన్నే తెచ్చినా."

ఆయన తలవంచుకుని, అందరి వెనక, ప్రహరీ గోడ పక్కన బండ్లు పెట్టిన చోటుకు పోయి నిలబడ్డాడు. రెబెక్కమ్మ కూడా ఆడవాళ్ల చాప మీద కూర్చోలేక, వెనక వంటల పందిట్లోకి పోయి ఉల్లిపాయలు ముందేసుకుంది. ఉల్లిపాయలైతే కళ్లలో నీళ్లకు ఎవరూ కారణం అడగరు.

ఆ చర్చి వేలంలో ఒక పద్ధతి ఉంది. పాడేవాళ్ల పేర్లు మైకులో చెప్పరు. ఒక ఏడాది తోడల్లుళ్లు ఇద్దరు గుమ్మడికాయ కోసం ఒకరి మీద ఒకరు పాడి, పాట అయ్యాక చొక్కాలు పట్టుకున్నారు. అప్పటి నుంచి 'పురుషుల వైపు', 'స్త్రీల వైపు' అని మాత్రమే అంటారు. పేరు ఈల వేశాకే. ఆడవాళ్లు గట్టిగా అరవడానికి సిగ్గుపడతారని, వాళ్ల పాట అందుకుని మైకు దాకా చేర్చే పని పాస్టరు గారి కూతురు మెర్లిన్‌ది. కాలేజీలో పాఠాలు చెప్పే పిల్ల, గొంతు గట్టిది.

కోళ్లు పోయాయి, నిమ్మకాయలు పోయాయి. కేకును టీచరమ్మ భర్తే కొనుక్కున్నాడు. తర్వాత మైకులో సుశీల్ కుమార్ గారి గొంతు కాస్త తగ్గింది.

"ఇప్పుడు మన జ్ఞానప్రకాశం గారి కుటుంబం వారి కానుక. ఒక గొర్రె. కొంచెం... అంటే... నాజూకైన గొర్రె."

నవ్వులు. రెబెక్కమ్మ కత్తిపీట మీద ఉల్లిపాయను రెండు ముక్కలు చేసింది.

ఎవరూ పాడలేదు. రెండు వేలకైనా పాడండి అని రూఫస్ గారే అడిగారు. కాసేపటికి, "పురుషుల వైపు, మూడు వేలు!" అని మైకులో వినిపించింది. వంటల గోలలో పందిట్లోకి మైకు తప్ప విడిగా ఎవరి గొంతూ తెలియదు.

వచ్చాడు చిన్నపోలయ్య, అనుకుంది రెబెక్కమ్మ. ఇంత జనంలో కాటుకమ్మ విలువ తెలిసినవాడు వాడొక్కడే. మూడు వేలకు కొట్టుకుపోతాడు, దొంగమొహం! వాడి దొడ్డిలో అది ఆడపిల్లల్ని వేస్తుంది. అది కూడా జంటలు జంటలుగా. తను కాలవ గట్టు మీద పోతూ వాటిని చూడాలి. ఇచ్చింది ఇచ్చేసింది, మొక్కు తీరింది. తీరాక కొనుక్కోకూడదని ఏ ప్రసంగంలోనూ చెప్పలేదే?

కత్తిపీట వదిలేసి పందిరి అంచుకొచ్చి, మెర్లిన్‌ను సైగ చేసి పిలిచింది. చెవిలో చెప్పింది.

"స్త్రీల వైపు, అయిదు వేలు!" అంది మెర్లిన్.

"పురుషుల వైపు, ఆరు!"

"స్త్రీల వైపు, ఎనిమిది!"

షామియానాలో తలలు అటూ ఇటూ తిరగసాగాయి. ఆ బక్క గొర్రెలో ఏముందని? సుశీల్ కుమార్ గారి గొంతులోకి పాత ఎక్స్‌ప్రెస్ హుషారు వచ్చేసింది. ఆయన ఎత్తున నిలబడ్డాడు గనక ఆయనకు గోడ పక్కనా కనిపిస్తోంది, వంటల పందిరీ కనిపిస్తోంది. కానీ పద్ధతి పద్ధతే. పేర్లు చెప్పకూడదు.

"పురుషుల వైపు, పది!"

"వదలడా వీడు!" అని రెబెక్కమ్మ పళ్లు నూరింది. "పన్నెండు అను మెర్లినమ్మా."

"ఆంటీ, మీరు..."

"పన్నెండు అనమ్మా!"

పన్నెండుకు పదమూడు. పదమూడుకు పదిహేను. దొరసానిని అమ్మితే వచ్చేది ఎప్పుడో దాటిపోయింది. అంత ధరకు గొర్రె ఈ చర్చిలో ఎన్నడూ అమ్ముడుపోలేదు, అందులోనూ ఎముకలు తప్ప ఏమీ లేనిది. పదిహేను దగ్గర మగవాళ్ల వైపు కాస్త ఆగింది. ఒకటోసారి. రెండోసారి. మళ్లీ, "పురుషుల వైపు, పదిహేనున్నర!" ఆ అర విని ఆమెకు అర్థమైంది, వాడి దమ్ము అయిపోయిందని.

"పదహారు," అంది, ఇక మెర్లిన్‌తో పని లేకుండా, పందిట్లోంచే గట్టిగా.

ఈల మోగింది. బిట్రగుంట ప్లాట్‌ఫారం మీద మోగినట్టే పొడుగ్గా మోగింది.

"స్త్రీల వైపు, పదహారు వేలకు, శ్రీమతి రెబెక్కమ్మ గారు!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత షామియానా కూలిపోతుందా అన్నంత నవ్వు. తన గొర్రెను తనే కొనుక్కుందంట! రెబెక్కమ్మ చేతులు చీరకు తుడుచుకుని, నవ్వేవాళ్లను దాటుకుని, చిన్నపోలయ్య ఎక్కడున్నాడా అని వెతికింది. గెలిచినప్పుడు ఓడినవాడి మొహం చూడకపోతే ఎలా? అతను అప్పటికే భోజనాల దగ్గర ఆకు ముందేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎట్టుండాది తమ్ముడా? ఇంకా పాడకపోయినావా?" అంది.

"నేనా? నేను పాడేదానికి నోరు తెరిస్తే గదక్కా. మూడు అనబోయేలోపల ఎవరో అనేసినారు. సరే చూద్దామని ఊరుకుంటే, మీరు ఆకాశానికి పట్టుకుపోతిరి. ఆ ధరకు నాకు రెండొస్తాయి."

"నువ్వు కాదా? మరి ఎవరు?"

చిన్నపోలయ్య నోటి నిండా అన్నంతో, గడ్డం ఎత్తి గోడ వైపు చూపించాడు.

బండ్ల మధ్య నుంచి జ్ఞానప్రకాశం వస్తున్నాడు. చొక్కా అంతా చెమట. ఈల తర్వాత చెప్పిన పేరు ఆయనకూ వినపడింది. అందుకే నడక తిన్నగా లేదు.



"నువ్వా?" అంది రెబెక్కమ్మ.

"నువ్వా?" అన్నాడాయన.

"నా మీద నువ్వు పాడతావా? నీకు గొర్రె ఎందుకు? ఆటోకు కడతావా?"

"నాకేం తెలుసు మే! ఎవరూ పాడకపోతే నవ్వులపాలు అవుతామని మూడు అన్నా."

"మూడుతో ఆపొచ్చు గదా! పదిహేనున్నర దాకా ఎవరు ఎక్కమన్నారు నిన్ను?"

జ్ఞానప్రకాశం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఎవరో ఆడమనిషి వదలకుండా పాడతా ఉంది. నీలాగా గొర్రెలు తెలిసిన మనిషే అనుకున్నా. అంత గట్టిగా అడుగుతుంటే దీంట్లో ఏదో ఉండాదని అప్పుడు తట్టింది నాకు. నువ్వు చెప్పింది నిజమేమో, దీన్ని పోగొట్టుకుంటే నీకు ఎట్టుంటదో అని... ఎట్టన్నా నీకు తెచ్చియ్యాలని పాడినా."

రెబెక్కమ్మ దగ్గర తిట్లకు కొదవ లేదు. అన్నీ నాలుక చివరన ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. అదే ఆమెకు అన్నిటికంటే చిరాకనిపించింది.

"సోమవారం దొరసానిని నాయుడుపేట మటన్ కొట్టుకు తోలుకుపో," అంది చివరికి. "తగ్గేది నీ ఆటో బేరాల్లోంచి కడతావు. పా, గొర్రెను విప్పు."

సాయంత్రం కాటుకమ్మ ఆటో వెనక సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట నిలబడి ప్రయాణం చేసింది. బంతిపూల దండలో సగం అప్పటికే తినేసింది. రెబెక్కమ్మ దాని మెడ పట్టుకుని కూర్చుంది.

"దేవుడు చూడు మే," అని మొదలుపెట్టాడు జ్ఞానప్రకాశం. "ఇచ్చినదాన్ని మళ్లీ మనకే..."

"దేవుడు మనకేమీ తిరిగియ్యలా. మనం డబ్బు పెట్టి కొనుక్కున్నాం. ఇంకొక్క మాట మాట్లాడినావంటే దిగి నడిచిపోతా."

రైలు గేటు పడి ఉంది. చెన్నై వైపు పోయే గూడ్సు. పెట్టెలు ఎంతకీ తరగడం లేదు. రెబెక్కమ్మకు మామూలుగా ఆ చప్పుడు ఇష్టం. ఈ రోజు అది కూడా నస పెడుతున్నట్టే ఉంది. ఇంజను ఆపేసి, జ్ఞానప్రకాశం వెనక్కి తిరిగి కాటుకమ్మను చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లలో ఆయన గొర్రెను అంతసేపు చూడటం ఇదే మొదలు.

"ఇది మంచిదని ఎట్టా చెప్తావు నువ్వు?" అన్నాడు.

ఆమె అనుమానంగా చూసింది. ఎగతాళి చేస్తున్నాడా? లేదు. ఆయనకు ఎగతాళి చేతకాదు.

"ముందు నోరు చూడాల," అంది. "మూతి పట్టుకుని పెదవి ఎత్తు. గట్టిగా కాదు."

జ్ఞానప్రకాశం సీటు మీద మోకాళ్లూని, రెండు చేతులా కాటుకమ్మ మూతి పట్టుకుని, పై పెదవి ఎత్తి వంగి చూశాడు. ఆయన మొహం పాలిపోయింది.

"రెబెక్కా! మోసపోయినాం మే! ముందర పైన ఒక్క పన్ను లేదు దీనికి! అన్నీ రాలిపోయినాయి!"

రెబెక్కమ్మ కళ్లు మూసుకుంది. గూడ్సు పెట్టెలు పోతూనే ఉన్నాయి. పుట్టిన నాటి నుంచీ ఈ మనిషి, తన నాయన దొడ్డి పక్కనే, గొర్రెల మధ్యే అన్నం తిని, పడుకుని, లేచి...

"గొర్రెకు ముందర పై పళ్లు ఉండవయ్యా," అంది ఒక్కొక్క మాటా విడమరిచి. "ఏ గొర్రెకీ ఉండవు. మీ నాయన గొర్రెలకీ లేవు. దొరసానికీ లేవు. దేవుడు పెట్టలా."

"నిజంగానా?" అన్నాడాయన. పెదవి ఇంకా ఎత్తే పట్టుకుని ఉన్నాడు. కాటుకమ్మ ఓపిగ్గా నిలబడింది. "మరి ఎట్టా కొరుకుతాయి?"

గేటు లేచింది. వెనక బండ్లన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి.

"ముందు దాని మూతి వదిలి బండి తియ్యి," అంది రెబెక్కమ్మ. "ఇంటికి పోయినాక పళ్లతో మొదలుపెడదాం."